అమ్మ వేలు ఆగిన వరుస

నా చిన్నప్పుడు మా గల్లీ మొత్తానికీ ఒకటే ఫోన్ నంబర్ ఉండేది. ఈ మాట అంటే నా మనవరాలు నవ్వుతుంది, అదేదో ఫోన్లు లేని కాలం అనుకుంటుంది. ఫోన్లకేం కొదవ, ఇంటికి ఒకటో రెండో ఉండేవి. కానీ రీచార్జ్ చేయించలేకపోతే సిమ్ పోయేది, ఊరెళ్లి వస్తే సిమ్ మారేది, చేతిలో ఏమీ లేనప్పుడు ఫోనే అమ్ముడుపోయేది. అందుకని ఆధార్‌కైనా, బ్యాంకు ఖాతాకైనా, గ్యాస్ బండకైనా, ఏ ఫారంలో మొబైల్ నంబర్ అడిగినా మా వాళ్లంతా కాగితాల మామ నంబరే రాయించేవారు. ఆయన నంబర్ మారదు, ఆయన ఎక్కడికీ పోడు అని వాళ్ల ధీమా. ఎవరింటి ఓటీపీ వచ్చినా ఆ ఒక్క ఫోన్‌లోనే టింగుమనేది. అదెంత పిచ్చి పనో మాలో ఒక్కరికి కూడా తట్టలేదు.

మేముండేది సూరత్‌లో, ఖటోదరాలో మగ్గాల షెడ్ల వెనక. సిరిసిల్ల అవతలి పల్లెల నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఆ గల్లీలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. మా బాపు పన్నెండు గంటల పాళీ మగ్గం నడిపేవాడు. మా అమ్మ అదే షెడ్డులో తాకాలు చూసేది. తాకా అంటే మగ్గం మీద నుంచి దిగిన గుడ్డ చుట్ట. దాన్ని బల్ల మీద పరిచి, కుడిచేతి చూపుడు వేలు ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిపించుకుంటూ పోయేది. ఎక్కడైనా పేక, అంటే అడ్డపోగు, తప్పితే కంటి కంటే ముందు ఆమె వేలికి తెలిసిపోయేది. వేలు అక్కడ ఆగేది, సుద్దతో గీత పడేది. అమ్మకు చదువు రాదు. పేరు మాత్రం తెలుగులో రాసేది, అది కూడా నాలుగు అక్షరాలకు నాలుగుసార్లు ఊపిరి పీల్చుకుని.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు కరోనా వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి పగలూ రాత్రీ ఆ టకటకలోనే పెరిగినదాన్ని, అది లేకపోయేసరికి మొదటి వారం నాకు అన్నం సహించలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. షెడ్డు యజమాని సేఠ్ దగ్గరికి బాపు వెళితే, నువ్వు మా రిజిస్టర్‌లో ఎక్కడున్నావు అని అడిగాడట. పద్దెనిమిదేళ్లు నేసిన మనిషి ఏ రిజిస్టర్‌లోనూ లేడు. పేరున్న వాళ్లకేదో కాస్త దొరికింది. మా గల్లీలో ఎవరి పేరూ ఎక్కడా లేదు. బాపు తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, సాయంత్రం దాకా లేవలేదు. పేరు కాగితం మీద ఉండాలి అన్న పట్టుదల నాలో ఆ రోజు పుట్టింది. దాని కోసం నేను చేసిన పనులన్నిటికీ మూలం అదే, చివరికి సిగ్గుపడాల్సిన పనితో సహా.

ఇక కాగితాల మామ. అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ. జిరాక్స్ దుకాణం పక్కన ఒక రేకు డబ్బాలో కూర్చుని గల్లీ వాళ్లందరికీ రైలు టికెట్లు, ఆధార్ మార్పులు, స్కూలు ఫారాలు చేసి పెట్టేవాడు. గుజరాతీ రాయడం, హిందీలో వాదించడం, ఇంగ్లీషు చదివి చెప్పడం అన్నీ ఆయనకే వచ్చు. మనిషి మంచివాడు. ఈ ముక్క నేను వెటకారంగా రాయడం లేదు. ఆ వానాకాలంలో మా బాపుకు జ్వరం వచ్చి ఊపిరి ఆడకపోతే, ఒక్క ఆటోవాడు రాలేదు, సొంత పెదనాన్న తలుపు తీయలేదు. మామ తన స్కూటర్ మీద బాపును కూర్చోబెట్టుకుని, జారిపోకుండా అమ్మ చీరతో తన నడుముకు కట్టేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మంచం దొరికే దాకా అక్కడి నుంచి కదల్లేదు. బాపు పదహారు రోజుల తర్వాత ఇంటికొచ్చాడు, సగం మనిషై. ఆయన వచ్చిన రోజు మామ గుమ్మం దగ్గరే నిలబడి, "ఇగ బేఫికర్ ఉండు అక్కా, బావకు ఏం కాదు" అన్నాడు. అమ్మ ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది.

బాపు ఇక మగ్గం నడపలేడని తెలిసిపోయింది. నేను అమ్మ పాత కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను. మొదట అందరిలాగే మాస్కులు కుట్టాను. తర్వాత రింగ్ రోడ్ మార్కెట్‌లో కిలోల లెక్కన అమ్మే చీరల ముక్కలు తెచ్చి చిన్నపిల్లలకు లంగా జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. పట్టులా మెరిసే అంచు, లోపల మెత్తటి అస్తరు, మెడ దగ్గర గుచ్చుకోకుండా మడత. అమ్మ ప్రతి కుట్టు మీదా వేలు నడిపించి చూసేది, నచ్చకపోతే నా ముందే విప్పేసేది. ఫొటోలు తీసి మా వాళ్ల గ్రూపుల్లో పెడితే భివండి నుంచి, షోలాపూర్ నుంచి అడిగారు. ఒకామె, నువ్వు ఆన్‌లైన్‌లో పెట్టు బిడ్డా, దేశమంతా కొంటారు అని రాసింది. పెట్టబోతే ఆ సైటు జీఎస్టీ నంబర్ అడిగింది. అదేమిటో తెలుసుకోవడానికి మామ డబ్బా దగ్గరికి వెళ్లాను.

ఆ మధ్యాహ్నం ఆయన నాకు చెప్పినంత ఓపికగా ఏ పంతులూ చెప్పలేదు. గల్లీలో అమ్ముకుంటే ఇంత చిన్న వ్యాపారానికి ఏ నంబరూ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అమ్మాలంటే మాత్రం ఎంత చిన్నదైనా తప్పదు అన్నాడు. పద్దెనిమిది నిండనిదే నా పేరు మీద కుదరదు, ఇంట్లో పెద్దవాళ్ల పాన్ మీద తీయాలి, ఇంటి ఓనర్ లైట్ బిల్లు కావాలి, ఆయన ఒప్పుకుంటున్నట్టు కాగితం కావాలి. నంబర్ వచ్చాక వ్యాపారం జరిగినా జరగకపోయినా గడువులోగా రిటర్న్ వేస్తూనే ఉండాలి, లేకపోతే జుర్మానా. ఇవన్నీ ఒక అట్ట ముక్క వెనక రాసిచ్చాడు. "నంబర్ ఉన్నోడే సర్కారుకు కానొస్తడు బిడ్డా. లేనోడు ఉన్నా లేనట్టే" అన్నాడు. నా మనసులో మాట ఆయన నోట్లోంచి వచ్చినట్టు అనిపించింది.

బాపు ఆస్పత్రి కాగితాల్లోనే ఆయన ఖాతా, ఆయన పాన్ అన్నీ చిక్కుపడి ఉన్నాయి కాబట్టి నంబర్ అమ్మ పేరు మీద తీయాలనుకున్నాం. అమ్మ ఆధార్‌కు ముడిపడ్డ ఫోన్ మామదే. ఈమెయిల్ మాకు లేదు, ఆయనే ఒకటి తయారుచేశాడు. అమ్మ ఏమీ అడగలేదు. అడిగితే ఆయన్ని అవమానించినట్టు అనుకుంది. పది రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. పదిహేను అక్షరాలూ అంకెలూ కలిసిన నంబర్, పైన అమ్మ పేరు. మా ఇంట్లో ఒక మనిషి పేరు సర్కారు కాగితం మీద అంత పెద్దగా అచ్చు కావడం అదే మొదలు. ఆ నంబర్ బోర్డు మీద రాసి వాకిట్లో పెట్టాలని నియమమని మామ చెప్పాడు. నేను పాత తాకా అట్టను కత్తిరించి, ఎర్ర రంగుతో అమ్మ పేరు, కింద ఆ నంబరూ రాసి తలుపుకు వేలాడదీశాను. బాపు ఆ పూట నాలుగుసార్లు గోడ పట్టుకుని నడిచివచ్చి ఆ బోర్డు చూసి వెళ్లాడు. అమ్మ మాత్రం, "నా పేరు గింత పొడుగుందా?" అని ఒక్కసారి అని వంటలో పడిపోయింది.

మూడు నెలలు నేను గాల్లో నడిచాను. ఆర్డర్లు వచ్చేవి, పెట్టెలు కట్టేదాన్ని, పక్కింటి అక్క అంచులు కుట్టిపెట్టేది. అన్నీ మామ డబ్బా దగ్గర ఆయన ఫోన్‌లోనే చూసుకునేదాన్ని. ఒకరోజు అలా ఆర్డర్ చూస్తుంటే పైన ఒక మెసేజ్ వచ్చింది. అమ్మ పేరు మీద రిటర్న్ వేసినట్టు. అందులో ఉన్న మొత్తంలో సున్నాలు చూసి నాకు కళ్లు తిరిగాయి. నేను జీవితమంతా లంగాలు కుట్టినా అంత రాదు. మామా, ఇదేంది అని అడిగాను. ఆయన ఫోన్ నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకున్నాడు. "సిస్టం గలత్ సూపిస్తది బిడ్డా. నేను సూసుకుంటలే" అన్నాడు. మరుసటి వారం మా ఇంటికి వచ్చి కొత్త ఫోన్ ఒకటి నా చేతిలో పెట్టాడు. ఆన్‌లైన్ క్లాసులు వినాలి, దుకాణం నడపాలి, ఎన్నిరోజులు నా డబ్బా చుట్టూ తిరుగుతావు అన్నాడు. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ మళ్లీ దండం పెట్టింది.

నాకు అప్పుడే తెలుసు. ఏం తెలుసో చెప్పలేను, కానీ తెలుసు. అయినా ఫోన్ పెట్టె విప్పాను. ఆ సున్నాల సంగతి అమ్మకు చెప్పలేదు. చెబితే ఫోన్ వెనక్కి వెళ్లిపోతుంది, దుకాణం ఆగిపోతుంది. పదహారేళ్ల పిల్ల దానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ పిల్లను వెనకేసుకురావాలని నాకు లేదు.

రెండో ఏడు ఎండాకాలం ఎలా గడిచిందో రాయడానికి మనసొప్పదు. గల్లీలో ముగ్గురు పోయారు. వానలు మొదలయ్యాక ఒకరోజు అమ్మ బ్యాంకుకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది, ఖాతా ఆపేశారట, ఎందుకో చెప్పలేదట. రెండు రోజులకు ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. తలుపు మీద బోర్డును, చేతిలో కాగితాన్ని మార్చి మార్చి చూసుకున్నారు. ఒకాయన, "లోఖండ్ భంగార్ కా గోడౌన్ కహాఁ హై?" అని అడిగాడు. పాత ఇనుము గోదాం ఎక్కడ అని. మా గది పది అడుగులు. అందులో మంచం, మిషన్, బాపు. అమ్మకు ఆయన హాస్యమాడుతున్నాడనిపించి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె పేరు మీద ఎప్పుడూ కొననీ అమ్మనీ ఇనుముకు బిల్లులు పుట్టాయట, ఆ బిల్లులు చూపి ఎవరెవరో పన్ను ఎగ్గొట్టారట. మిషన్ మీద సగం కుట్టిన చిన్న లంగా ఒకటి ఉంది. ఆయన దాన్ని చేత్తో ఎత్తి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు. ఎల్లుండి ఆఫీసుకు వచ్చి జరిగింది రాసిమ్మన్నాడు.

ఆఫీసుకు ఎవరిని తోడు తీసుకెళ్లాలి అన్న ప్రశ్నే మాకు రాలేదు. మా గల్లీలో ఏ ఆఫీసుకైనా తోడు మామే. ఆయన కూడా అడగకముందే తయారై వచ్చాడు. ఆఫీసు వరండాలో ఒక బల్ల ఉంది. లోపలి గుమాస్తా, గుజరాతీలోనో హిందీలోనో రాసి సంతకం పెట్టి తీసుకురండి అన్నాడు. మామ మోకాలి మీద అట్ట పెట్టుకుని గుజరాతీలో చకచకా రాశాడు. ఎప్పుడూ మాట్లాడుతూ రాసే మనిషి ఆ రోజు మాట్లాడకుండా రాశాడు. మాస్కు మీద నుంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. రాయడం అయ్యాక కాగితం, పెన్నూ అమ్మ ఒళ్లో పెట్టాడు. "జర దస్తకత్ పెట్టు అక్కా. మాఫీ అడిగినట్టు రాసిన. ఒక్క దస్తకత్‌తోని అయిపోతది" అన్నాడు.

అమ్మ పెన్ను తీసుకుంది. అలవాటుగా ఊపిరి పీల్చుకుంది. మరి ఆమెకు ఏం తోచిందో, ఆ సున్నాల సంగతి ఆమెకు తెలియదు, మామ మీద అనుమానం లేదు, పెన్ను పక్కన పెట్టి కాగితం నా వైపు తిప్పింది. "ఏం రాసిండో జర సదువు బిడ్డా" అంది. అన్ని ఏళ్లలో ఆమె ఏ కాగితాన్నైనా చదివించుకోవడం అదే మొదటిసారి. నేను బడిలో గుజరాతీ చదువుకున్నానని మామకు తెలుసు. ఆయన నా వైపు చూశాడు. బాపును నడుముకు కట్టుకుని తీసుకెళ్లిన రోజు కూడా ఆ కళ్లనే చూశాను.

కాగితంలో ఐదు వరుసలున్నాయి. మొదటి వరుసలో అమ్మ పేరు, ఊరు, ఇల్లు. రెండో వరుసలో పిల్లల బట్టల వ్యాపారం కోసం నా ఇష్టంతో నంబర్ తీసుకున్నాను అని. మూడో వరుస రెండుసార్లు చదివాను. ఈ నంబర్ మీద వేరేవాళ్లు బిల్లులు వేసుకోవడానికి నేనే ఒప్పుకున్నాను, అందుకు నా కూతురికి ఒక ఫోన్ తీసుకున్నాను. అలా ఉంది. ఫోన్ నా చేతిలోనే ఉంది. మామ పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నేను పైకి చదవడం మొదలుపెట్టాను, ఒక్కో వరుసకు తెలుగు చెబుతూ. అమ్మ తన చూపుడు వేలు కాగితం మీద ఆనించి నా గొంతుతో పాటు నడిపించింది, ఎడమ అంచు నుంచి కుడి అంచుకు, తాకా చూసినట్టే. మొదటి వరుస అయింది. రెండోది అయింది. మూడోది వదిలేసి నాలుగో వరుసలోకి దూకాను. నాకు ఈ చట్టాలు తెలియవు అని ఉంది అందులో, దాన్ని వీలైనంత సాగదీసి చదివాను. ఐదోది, తప్పు జరిగింది క్షమించండి. చదవడం ముగించి తలెత్తాను. అమ్మ వేలు మూడో వరుస చివర ఉంది. నేను సాగదీసిన మాటలకు ఆమె మూడో వరుస నడిపిస్తుంటే నా కళ్లు దాని కింది వరుస మీద ఉన్నాయి, అది చూసి ఆమె వేలు ముందుకు పోలేదు. అక్కడే ఆగింది.

"ఈడ పేక తప్పింది" అంది అమ్మ.

మామ గొంతు సవరించుకుని, అది రివాజు అక్కా, ఆఫీసు భాష, అందరికీ గట్లనే రాస్తరు అన్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. వేలు తీయలేదు. షెడ్డులో మేస్త్రీ వచ్చి ఎంత తొందరపెట్టినా తప్పిన చోట వేలు తీసేది కాదని అందరూ చెప్పుకునేవారు. నేను ఆ వరుస చదివాను. ఫోన్ అన్న మాట కూడా చదివాను. వరండాలో జనం వస్తూ పోతూ ఉన్నారు. ఎవరో మమ్మల్ని కాళ్లు దగ్గరకు తీసుకోమన్నారు.

అప్పుడు అమ్మ వేలు తీసింది. తర్వాత మామతో చాలా మెల్లగా, "మా ఆయన్ను నీ పానం లెక్క మోసుకపోయినవ్ తమ్మీ. నేను సచ్చేదాంక మర్వ. గానీ ఇది నేను పెట్ట" అంది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అందులో నా దుకాణం మొత్తం ఉంది, కొన్న వాళ్ల పేర్లు, కుట్టాల్సిన కొలతలు, ఏడాది ఫొటోలు. నేను గట్టిగా పట్టుకున్నాను కూడా. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించి తీసుకుంది. లోపలికి వెళ్లి ఆఫీసర్ బల్ల మీద ఆ ఫోన్ పెట్టి, తనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పింది. "సాబ్, నంబర్ మేరా నామ్ పే. ఓటీపీ ఉస్‌కే ఫోన్ మే ఆతా. యే ఫోన్ వో దియా. మేరేకు ఇత్నాచ్ మాలూమ్." నంబర్ తన పేరు మీద ఉంది, ఓటీపీ అతని ఫోన్‌కు వస్తుంది, ఈ ఫోన్ అతనే ఇచ్చాడు, తనకు ఇంతే తెలుసు అని. ఆఫీసర్ మామను లోపలికి పిలిచాడు. మామ లేచి, చొక్కా సర్దుకుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్లాడు.

ఇంటికి నడిచి వచ్చాం. దారిలో అమ్మ ఒకే మాట అడిగింది. "నీకు ముందుగల్ల ఎరికేనా?" నేను తల దించుకున్నాను. ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఆ మాట ఎవరి ముందూ ఎత్తలేదు. కొడితే బాగుండునని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అనుకున్నాను.

బాపు అమ్మతో నెల రోజులు మాట్లాడలేదు. "నన్ను బతికిచ్చినోన్ని పట్టిచ్చి వచ్చినవా" అన్నాడు, అంతే. మామ ఫోన్ ఆఫీసులో ఉండిపోయింది. అప్పుడు తెలిసింది గల్లీకి. ఎవరికీ ఓటీపీ రాదు, ఎవరి బండా బుక్ కాదు. టీకా వేసుకున్న కాగితం చూపితే గానీ మార్కెట్‌లోకి రానివ్వని రోజులవి, ఆ కాగితం తీయాలంటే ఓటీపీ ఆ ఫోన్‌కే పోతుంది. పని దొరకని ప్రతివాడూ మా గుమ్మం ముందు నిలబడి అమ్మను తిట్టాడు. విచారణలో ఇంకో ఆరుగురు ఆడవాళ్ల పేర్ల మీద వాళ్లకే తెలియకుండా నంబర్లు తీసి ఉన్నాయని తేలింది. అందులో ఒకటి పక్కింటి అక్కది. ఆమె మా ఇంటికొచ్చి ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె వచ్చింది, తన సూదులపెట్టె తీసుకుని వెళ్లిపోయింది. నీళ్ల పంపు దగ్గర అమ్మ బిందె పెడితే వరుసలో అందరూ ఒక్క అడుగు పక్కకు జరిగేవారు. మోసం చేసిన మనిషి మీద లేని కోపం మోసం చూపించిన మనిషి మీద ఎలా పుడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు.

అమ్మ పేరు మీద ఉన్న నంబర్ రద్దు చేశారు. ఆమె తప్పు లేదని తేలడానికి ఏడాది దాటింది, అప్పటికి ఆ ఆఫీసు మెట్లన్నీ ఆమెకు మోకాళ్లతో గుర్తుండిపోయాయి. తలుపు మీద బోర్డు ఆమే తీసింది. చించలేదు, పారేయలేదు, తిప్పి మంచం కింద పెట్టింది. మేం ఖటోదరా వదిలి సూరత్ అంచున ఉన్న ఇచ్ఛాపూర్ వైపు వెళ్లిపోయాం. బాపు అక్కడ ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునే పని చూసుకున్నాడు. కొన్నాళ్లకు ఎవరో చెప్పారు, మామ జైలు నుంచి బయటికొచ్చాడని, అదే రేకు డబ్బాలో కొత్త ఫోన్‌తో కూర్చున్నాడని, ఆయన ముందు మళ్లీ వరుస కట్టారని. పక్కింటి అక్క కూడా ఆ వరుసలో ఉందట. నేను నమ్మలేకపోయాను. అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. "మరి ఎవలున్నరు వాళ్లకు?" అంది. అందులో ఆయన మీద కోపం లేదు, వాళ్ల మీద జాలి లేదు. నాకు మాత్రం ఆ రెండూ ఉన్నాయి, ఇప్పటికీ తగ్గలేదు.

పద్దెనిమిది నిండిన వారమే నా పేరు మీద, నా సొంత ఫోన్‌తో నంబర్ కోసం అప్లై చేశాను. చివరి బటన్ నొక్కబోతుంటే అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. వేలు తెర మీద పెట్టింది. ఆమె వేలు తగిలి పేజీ పైకీ కిందికీ జారిపోతుంటే నాకు చిరాకు వేసింది. అయినా ఇంగ్లీషులో ఉన్న ప్రతి వరుసా చదివి, తెలుగు చెప్పి, ఆమె వేలు చివరికి వచ్చే దాకా ఆగాను. గంటన్నర పట్టింది. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్లూ నా ప్రతి కాగితమూ అలాగే నడిచింది. మా లంగా జాకెట్లు మళ్లీ ఊరూరా వెళ్లాయి, ఆ దుకాణం మీదే నా పిల్లలు చదువుకున్నారు. అమ్మ పేరు మాత్రం ఇంకే సర్కారు కాగితం మీదా రాయించలేదు. ఆమె వద్దంది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చిన్న చిన్న వ్యాపారాలు మొదలుపెట్టే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు, ఏ కాగితం ఎక్కడ పెట్టాలో చెప్పమని. మొన్న పదిహేడేళ్ల అమ్మాయి ఒకతె వాళ్ల నాయనమ్మను వెంటపెట్టుకుని వచ్చింది, ఆమె పేరు మీద నంబర్ తీయాలట. నేను కాగితం ఆ పెద్దామె ఒళ్లో పెట్టి, ఆమె వేలు మొదటి వరుస మీద పెట్టించి, మనవరాలిని పైకి చదవమన్నాను. ఆ పిల్ల విసుక్కుంది, ఇవన్నీ ఎందుకు అమ్మమ్మా, మీరు చూశారు కదా అని నాతో అంది. నేను చూశాను కాబట్టే చదవమంటున్నాను అన్నాను. ఆ పిల్ల చదువుతున్నంత సేపూ నేను ఆమె ముఖం చూడలేదు, ముసలామె వేలినే చూస్తూ కూర్చున్నాను. మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే నేనూ కాగితం మీదికి వంగి, ఆ పిల్ల గొంతుతో పాటు చదివాను. కాగితాల మామ మా అమ్మను మోసం చేశాడని నా పిల్లలకు చాలాసార్లు చెప్పాను. ఆ రోజు వరండాలో ఆమె నమ్మి చదవమన్నది నన్ను, వరుస దాటేసింది నేను. ఆ సంగతి ఇవాళే చెబుతున్నాను.